అబల కథ ఇక కట్టిపెట్టండి

ముస్లిం స్త్రీల సమస్య మీద తెలుగు న్యూస్ చానెల్లో చర్చ పెడుతున్నారంటే బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారో ముందే చెప్పేయొచ్చు. ఒక పార్టీ అధికార ప్రతినిధి, ఆయనతో తలపడడానికి ఇంకో పార్టీ అధికార ప్రతినిధి, గడ్డం, టోపీ ఉన్న ఒక మతపెద్ద, పేరు కింద ‘విశ్లేషకులు’ అని పడే ఒక పెద్దమనిషి. ముస్లిం స్త్రీ కూడా ఉంటుంది, లేకపోలేదు. ముఖం మసక చేసిన చిన్న క్లిప్‌లో ఏడుస్తూ ఉంటుంది. క్లిప్ అయిపోయాక ఆమె బాధ ఏమిటో, ఆమెకు ఏం కావాలో, ఆమె మతం ఏం చెబుతుందో ఆ నలుగురే గంటసేపు తేలుస్తారు.

నలుగురూ గొంతులు చించుకుంటారు గానీ ఒక్క సంగతిలో వాళ్ళకు తగాదా లేదు. ముస్లిం స్త్రీ నోట్లో నాలుక లేనిది, ఆమె తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆ ఎవరో ఎవరన్నదే పేచీ. మేం రక్షిస్తామని ఒకరంటారు. మేం ఎప్పటినుంచో రక్షిస్తూనే ఉన్నాం, మీ సాయం అక్కర్లేదని ఇంకొకరంటారు. చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళలోనూ ఇదే మాట ఇంకాస్త మర్యాదగా వినిపిస్తుంది: ‘పాపం, వాళ్ళ ఆడవాళ్ళకి లీడర్లంటూ ఎవరూ లేరండీ. ఒక్కరైనా బయటికొచ్చి మాట్లాడితే బాగుండును.’

మాట్లాడారు. నూట పాతికేళ్ళకు పైగా మాట్లాడుతూనే ఉన్నారు. మన ‘పాపం’ ఒక అబద్ధం మీద నిలబడింది. ఆ అబద్ధం అంత అమాయకమైనదీ కాదు.

1898 జూలైలో లాహోర్ నుంచి ‘తహజీబ్-ఎ-నిస్వాన్’ అనే ఉర్దూ వారపత్రిక మొదలైంది. సంపాదకురాలు ముహమ్మదీ బేగం. తెలుగులో స్త్రీలే సంపాదకత్వం వహించిన ‘హిందూ సుందరి’ని మనం గర్వంగా తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. అది 1902. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పందెం కోసం ఈ తేదీలు చెప్పడం లేదు. రెండు సమాజాల్లోనూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే రకం ఇళ్ళలోంచి, ఒకే రకం ఎదురుగాలిలో ఆడవాళ్ళు కలం పట్టారు. మన సాహిత్య చరిత్రలో ఒకరికి అధ్యాయం దక్కింది, ఇంకొకరి పేరు కూడా మనకు తెలియదు. బెంగాల్‌లో బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ 1905లోనే మగవాళ్ళు పరదాల చాటున ఉండి ఆడవాళ్ళు రాజ్యం నడిపే కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ రాసింది. రాసి ఊరుకోలేదు. 1911లో కలకత్తాలో ఆడపిల్లల బడి పెట్టి, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని తల్లిదండ్రుల్ని బతిమాలింది. 1916లో ముస్లిం స్త్రీల సంఘం స్థాపించింది. కేరళలో హలీమా బీవీ 1938లో ‘ముస్లిం వనిత’ పత్రికను తెచ్చింది. తిరువల్ల పురపాలక సంఘంలో సభ్యురాలిగానూ పనిచేసింది.

ఇవన్నీ ఎక్కడో దూరపు ఊళ్ళ కథలు అనుకుంటే హైదరాబాద్‌కే వద్దాం. మాసబ్‌ట్యాంక్ దాటి మెహదీపట్నం వెళ్ళే దారిలో హుమాయూన్‌నగర్ ఉంది. ఆ దారిన రోజూ వెళ్ళేవాళ్ళలో సుగ్రా హుమాయూన్ మీర్జా పేరు విన్నవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. నవలలు, యాత్రాకథనాలు రాసింది, ‘అన్‌నిసా’ పత్రిక నడిపింది, స్త్రీల సంఘాలు కట్టింది. 1934లో సఫ్దరియా పేరుతో ఆడపిల్లల బడి పెట్టింది. అదే నిజాం రాజ్యంలో తయ్యిబా బేగం బిల్‌గ్రామీ మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకుని స్త్రీల సంఘాల పనిలోకి దిగింది. ఆమె కూతురు మాసూమా బేగం. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి జరిగిన మొట్టమొదటి ఎన్నికల్లో పాతబస్తీలోని శాలిబండ నుంచి శాసనసభకు గెలిచింది. 1957లో పత్తర్‌గట్టి నుంచి మళ్ళీ గెలిచింది. దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రి అయింది. 1962లో అదే పత్తర్‌గట్టిలో ఓడిపోయింది. ఆమెను ఓడించినవారు సలావుద్దీన్ ఒవైసీ. పాతబస్తీ ముస్లింలంటే ఒక పార్టీ, ఆ పార్టీ అంటే ఒక కుటుంబం అనుకునే ఈ తరం వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. శాసనసభలో ఆ అధ్యాయం ఒక ముస్లిం మహిళా మంత్రిని ఓడించడంతో మొదలైంది మరి.

ఇక్కడ మన పత్రికల అలవాటు ఒకటి చెప్పాలి. ఏ ముస్లిం స్త్రీ ఏ పదవికి వచ్చినా, ఏ పరీక్ష గెలిచినా ‘తొలి ముస్లిం మహిళ’ అని శీర్షిక పెడతారు. కొన్నిసార్లు అది నిజమే. 1989లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఫాతిమా బీవీ ముస్లిం స్త్రీలలోనే కాదు, మొత్తం భారత స్త్రీలలోనే ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి. కానీ ప్రతి పదేళ్ళకూ ఎవరో ఒకరు ‘తొలి’ అవుతూ ఉంటే, ఆమెకు ముందు ఎవరూ లేరనీ, ఆమె కటిక చీకట్లోంచి ఒంటరిగా నడిచొచ్చిందనీ పాఠకుడి మనసులో పడిపోతుంది. దుర్గాబాయికి ముందు వీరేశలింగం బళ్ళున్నాయని, ఆ బళ్ళకు ముందు కొన్ని పోరాటాలున్నాయని మనకు తెలుసు. అది పరంపర. ముస్లిం స్త్రీకి పరంపర ఉండదు, మినహాయింపులే ఉంటాయి. మినహాయింపును మెచ్చుకోవడం చాలా సులువు. చప్పట్లు కొట్టి మళ్ళీ పాత అభిప్రాయంలోకి వెళ్ళి పడుకోవచ్చు.

అభిప్రాయాన్ని నిలబెట్టడానికి వాడే రెండో వస్తువు చదువు. ‘వాళ్ళు ఆడపిల్లల్ని చదివించరు కదండీ’ అనే మాట ఎంత స్థిరపడిందంటే దానికి లెక్క చూపించమని అడిగేవాడు లేడు. 2001 జనగణన ప్రకారం దేశంలో స్త్రీల అక్షరాస్యత 53.7 శాతం. ముస్లిం స్త్రీలలో 50.1. తేడా ఉంది, మూడున్నర శాతం పైచిలుకు. ఆ తేడా కూడా ఉండకూడనిదే. కానీ మనం మాట్లాడే తీరు చూస్తే నేలకూ నింగికీ ఉన్నంత తేడా అనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వస్తే లెక్క తిరగబడుతుంది. అదే జనగణనలో రాష్ట్ర సగటు అక్షరాస్యత 60.5 శాతమైతే ముస్లింలలో 68. స్త్రీలను వేరుగా తీసి చూసినా ముస్లింలది రాష్ట్ర సగటు కంటే పైనే. దీనికి పెద్ద రహస్యమేమీ లేదు. ఇక్కడి ముస్లింలలో పట్టణాల్లో ఉండేవాళ్ళు ఎక్కువ, పట్టణంలో బడి దగ్గర. అంటే చదువును తేల్చేది మతం కంటే ఎక్కువగా బడి ఎంత దూరంలో ఉందన్నది. ఈ ముక్క ఒప్పుకుంటే బడి కట్టాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. మతం మీదికి తోసేస్తే ఎవరి మీదా పడదు.

పని విషయం వేరు. పనిచేసే ముస్లిం స్త్రీల శాతం జనగణనల్లో నిజంగానే తక్కువ. 2001లో 14.1, దేశంలోని స్త్రీలందరి సగటు 25.6. కానీ లాడ్‌బజార్‌లో మనం బేరమాడి కొనే లక్కగాజులకు ఇంట్లో కూర్చుని రాళ్ళు అద్దే చేతులు, నిజామాబాద్‌లో, కామారెడ్డిలో బీడీలు చుట్టే చేతులు, జర్దోజీ మగ్గం మీద వంగిన మెడలు ఆ లెక్కల్లోకి ఎన్ని ఎక్కాయి? గణకుడు గుమ్మంలో నిలబడి ‘ఏం చేస్తారమ్మా?’ అంటే ఇంట్లో మగవాడు ‘ఘర్ మే రెహతీ’ (ఇంట్లోనే ఉంటుంది) అని చెప్పేస్తాడు. అయిపోయింది.

నాయకత్వాన్నీ మనం అలాగే లెక్కపెడుతున్నాం. మైకు ముందు కనబడిందే నాయకత్వం. యాకుత్‌పురాలోనో తలాబ్‌కట్టలోనో సుల్తాన్‌షాహీలోనో సాయంత్రం ఐదింటికి ఏదో ఒక గల్లీలోకి వెళ్ళి చూడండి. ఒక ఇంటి ముందుగదిలో, చాప మీద కాగితాలు పరుచుకుని ఒకావిడ ఉంటుంది. గల్లీ అంతా ఆమెను ‘ఆపా’ అంటుంది, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. ఆధార్‌లో తప్పు పడ్డ పుట్టిన తేదీ, రేషన్ కార్డులో ఎక్కని కోడలి పేరు, పెన్షన్ ఆగిపోయిన ముసలామె, షాదీ ముబారక్ దరఖాస్తు. ఈ ఆఖరిది గమనించాలి. 2014 అక్టోబరులో 51 వేలతో మొదలైన ఆ పథకం ఇప్పుడు లక్షా నూట పదహారు రూపాయలు ఇస్తుంది, పెళ్ళికూతురికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. కాగితాలు ముందుగా ఆపా చేతికే వస్తాయి కాబట్టి పిల్ల వయసు తక్కువని మొట్టమొదట తెలిసేది ఆపాకే. ‘ఇంకో రెండేళ్ళు ఆగండి, ఈలోపు పిల్లని ఇంటర్ చదివించండి, డబ్బులూ వస్తాయి’ అని ఆ తల్లికి చెప్పేదీ ఆపానే. వినకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆమెకు తెలుసు. ఖాజీ దగ్గరి పెళ్ళి పత్రం సియాహానామా, నాంపల్లి హజ్‌హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఇచ్చే మ్యారేజ్ సర్టిఫికెట్, పోలీస్ స్టేషన్లో ఇచ్చే అర్జీ: ఈ మూడింటి మధ్య తిరగడం తెలిసిన మనిషి ఒక అరవై ఇళ్ళకు వకీలు. ఎన్నికలప్పుడు పార్టీల వాళ్ళు ఆమె గుమ్మం తొక్కకుండా ఉండరు. ఎన్నికలయ్యాక ‘వాళ్ళలో లీడర్లు లేరండీ’ అంటారు.

పేరున్న వాళ్ళను చూడాలంటే జమీలా నిషాత్‌ను చూడండి. దక్ఖనీ యాసలో కవిత్వం చెప్పే మనిషి. 2002లో పాతబస్తీలో షాహీన్ సంస్థ పెట్టారు. గల్ఫ్ నుంచి వచ్చే వయసు మళ్ళిన షేకులకు దళారులు ఆడపిల్లల్ని ‘నికాహ్’ పేరుతో అప్పగించే దందా సంగతి తెలుగువాళ్ళందరికీ తెలుసు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో ఒక పదేళ్ళ పిల్లను ఎయిర్‌హోస్టెస్ కాపాడినప్పుడు దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ కథలో మనకు గుర్తున్నది ముసలి షేకు, ఏడ్చే పిల్ల, రక్షించిన బయటి మనిషి. కెమెరాలు వెళ్ళిపోయాక కూడా ఆ గల్లీల్లోనే ఉండి, దళారుల పేర్లు కనిపెట్టి, తల్లులతో మాట్లాడి, తిరిగొచ్చిన పిల్లలకు కుట్టుపనో చదువో చూపించి, బెదిరింపులు పడి పనిచేసినవాళ్ళు ముస్లిం స్త్రీలే. ఆ దందా బయటి ప్రపంచానికి ఇంత వివరంగా తెలిసిందే వాళ్ళ వల్ల. వాళ్ళు తవ్వి తీసిన నిజాన్ని తీసుకెళ్ళి ‘చూశారా, వాళ్ళ ఆడవాళ్ళు ఎంత నిస్సహాయులో’ అనడం కన్నా దొంగతనం ఉందా?

సామాజిక సేవ అంటే ఇలాంటి పోరాటమే కానక్కర్లేదు. సురయ్యా హసన్ బోస్ 2021లో తొంభై ఏళ్ళు దాటిన వయసులో పోయారు. హిమ్రూ, మష్రూ లాంటి దక్కను నేతలు మాయమైపోతుంటే దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర మగ్గాలు వేయించి, భర్తలు పోయిన ఆడవాళ్ళకు నేత నేర్పించి, వాళ్ళ చేతే ఆ బట్టను మళ్ళీ బతికించారు. పక్కనే పిల్లలకు బడి కట్టారు. ఆ బడికి సఫ్రానీ పేరు పెట్టారు. ‘జై హింద్’ నినాదం ఇచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఆవిడ బాబాయి. ఈ వివరాలన్నీ ఒక్క మనిషివి. సినిమా తీయదగ్గ జీవితం. మనవాళ్ళు తీయరు లెండి. మన సినిమాలో ముస్లిం స్త్రీ పని హీరో దాక్కోవడానికి బురఖా అరువివ్వడం.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవాల్సిన వాదన ఒకటుంది. ‘మీరు చెప్పినవాళ్ళు ఉన్నారు సరే. కానీ తలాక్ చెప్పి రోడ్డున పడేసిన ఆడవాళ్ళు లేరా? అణచివేత అబద్ధమా?’ కాదు, అబద్ధం కాదు. దాన్ని తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. నా తగాదా వేరు. అణచివేత ఉన్నచోట నాయకత్వం ఉండదని ఎవరు చెప్పారు? నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ సారా దుకాణం మీద తిరగబడినప్పుడు, తాగి తన్నే మొగుళ్ళున్న ఊళ్ళోంచే ఆ నాయకత్వం వచ్చింది. ‘అయ్యో పాపం, తాగుబోతు కులాల ఆడవాళ్ళు, వీళ్ళను ఉద్ధరించాలి’ అని ఎవరైనా అని ఉంటే మనం ఛీ కొట్టేవాళ్ళం. ఉద్యమం అన్నాం, పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్నాం, 1993 అక్టోబరులో ప్రభుత్వం చేత సారా మాన్పించాం. అదే న్యాయం ముస్లిం స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుంది? ఆమె తిరగబడితే అది ఆమె గొప్ప కాదు, ఆమె మతం చెడ్డదనడానికి సాక్ష్యం. మన దగ్గర ఆమె ఎప్పటికీ సాక్షే, నాయకురాలు కాదు.

ఇండోర్‌కు చెందిన షా బానో అరవై దాటిన వయసులో భరణం కోసం కోర్టుకెక్కి 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఆ గెలుపును తానే వద్దనుకుంటున్నానని చెప్పేదాకా సమాజం ఆమెను వదల్లేదు. మరుసటి ఏడాదే ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ తీర్పును నీరుగార్చింది. ఇదీ మనం చెప్పుకునే కథ. కథ అక్కడ ఆగిపోయిందని మనం అనుకుంటాం. ఆగలేదు. 1987లో ముంబైలో ఆవాజ్-ఎ-నిస్వాన్ మొదలైంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో షరీఫా ఖానం ఒక చిన్న ప్రశ్న వేసింది: భార్యాభర్తల తగాదాలను జమాత్ పెద్దలు మసీదులో కూర్చుని తేలుస్తారు, ఆ మసీదులోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు, మరి భార్య మాట ఎవరు వింటారు? జవాబు రాలేదు. ఆమె ఆడవాళ్ళ జమాత్ పెట్టేసింది. తమిళనాడులోని జిల్లా జిల్లా నుంచీ ఆడవాళ్ళు అక్కడికి తమ తగాదాలు తెచ్చుకున్నారు. 2007లో జకియా సోమన్, నూర్జహాన్ సఫియా నియాజ్ భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ ప్రారంభించారు. ముంబైలో హాజీ అలీ దర్గా గర్భగుడిలోకి స్త్రీలను రానివ్వకపోతే కోర్టుకెళ్ళి 2016లో గెలిచారు. ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి ఖాజీలను చేశారు. 2017 ఆగస్టులో ఒక్క ఊపున చెప్పే మూడు తలాకులు చెల్లవని సుప్రీంకోర్టు ఐదుగురిలో ముగ్గురి మెజారిటీతో తీర్పిచ్చిందంటే దాని వెనక షాయరా బానో పిటిషన్ ఉంది, ఈ సంఘాలన్నీ చేసిన పని ఉంది.

ఆ కేసులో ముస్లిం పర్సనల్ లా బోర్డు దాఖలు చేసిన అఫిడవిట్ చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నిర్ణయాలు తీసుకునే శక్తి మగవాడికి ఎక్కువ కాబట్టే తలాక్ హక్కు అతనికి ఇచ్చారట. ఆ మాటను కోర్టులో ఎదుర్కొని ఓడించినవాళ్ళు ముస్లిం స్త్రీలు. తీర్పు వచ్చిన మర్నాడు టీవీల్లో విజయోత్సవం జరుపుకున్నవాళ్ళు మాత్రం వేరేవాళ్ళు.

2019లో ప్రభుత్వం మూడేళ్ళ జైలు శిక్షతో చట్టం చేసింది. అప్పుడు ముస్లిం మహిళా సంఘాలు రెండుగా చీలాయి. కొందరు చట్టం కావాలన్నారు. హసీనా ఖాన్ నడిపే బేబాక్ కలెక్టివ్ లాంటివి, మొగుణ్ణి జైల్లో పెడితే భరణం ఎవరిస్తారు, సివిల్ తగాదాను క్రిమినల్ కేసు ఎందుకు చేస్తున్నారని నిలదీశాయి. నా దృష్టిలో రెండో వాళ్ళ ప్రశ్నే గట్టిది. అది పక్కన పెట్టినా, ఒక చట్టం మీద లోతుగా, కారణాలతో, బహిరంగంగా విభేదించుకోగలిగిన సంఘాలున్న సమాజానికి నోరు లేదని ఎలా అంటాం? ఈ చర్చ తెలుగు పత్రికల్లో మీరెక్కడైనా చదివారా? మనకు చేరింది ‘ముస్లిం మహిళలకు విముక్తి’ అన్న ఒక్క శీర్షిక.

ఆ విముక్తి ప్రదాతల సంగతి కూడా కొంచెం చూడాలి. 2022 ఫిబ్రవరిలో కర్ణాటకలో తల మీద గుడ్డ ఉందని కాలేజీ గేట్లు మూసి ఆడపిల్లల్ని బయట నిలబెట్టారు. పరీక్షలు దగ్గర పడుతున్న రోజులవి. చదివిస్తే బాగుపడతారన్నవాళ్ళే చదవడానికి వచ్చినవాళ్ళను ఆపారు. హిజాబ్ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకూ ఉంది, ఇక్కడ దానితో పని లేదు. పదిహేడేళ్ళ పిల్లలు పిటిషన్లు వేసి హైకోర్టు దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలి తీర్పు చెప్పింది. ఆ పిల్లలు మాట్లాడినప్పుడు ‘ఎవరో వెనక నుంచి మాట్లాడిస్తున్నారు’ అన్నారు. అంటే ముస్లిం స్త్రీ మనకు నచ్చింది మాట్లాడితే విముక్తి, నచ్చనిది మాట్లాడితే కీలుబొమ్మ. అదే ఏడాది ఆగస్టు 15న బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో పదకొండు మంది దోషులను గుజరాత్ ప్రభుత్వం ముందే విడుదల చేసింది, కేంద్రం సమ్మతితోనే. జైలు బయట వాళ్ళకు దండలు వేసి మిఠాయిలు పంచారు. ఆమె మళ్ళీ కోర్టుకెక్కింది. ఆమెతో పాటు మరికొందరు స్త్రీలు నిలబడ్డారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసింది. ముస్లిం స్త్రీల కన్నీళ్ళకు కరిగిపోయామన్న ఉద్ధారకుల్లో ఎందరు ఆ రోజుల్లో నోరు విప్పారో ఎవరికి వారే గుర్తు చేసుకోవచ్చు.

అబద్ధం అమాయకమైనది కాదని మొదట్లోనే అన్నాను. దానికి రుజువు రెండు యాప్‌లు. 2021 జూలైలో ఒకటి, 2022 జనవరి 1న ఇంకొకటి బయటపడ్డాయి. ముస్లిం స్త్రీల ఫొటోలు వాళ్ళ సోషల్ మీడియా ఖాతాల నుంచి దొంగిలించి, ‘ఈ రోజు మీకు దొరికిన బేరం’ అన్న తీరులో వేలానికి పెట్టారు. రెండో దాంట్లో వంద మందికి పైగా ఉన్నారు. ఆ రెండు జాబితాల్లో ఎవరున్నారో ఒక్కసారి చూడండి. విలేకరులు, న్యాయవాదులు, పైలట్లు, విద్యార్థి నాయకులు, సామాజిక కార్యకర్తలు. జేఎన్‌యూలో కనబడకుండా పోయిన కొడుకు కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్న ఫాతిమా నఫీస్. మన హైదరాబాద్ నుంచి ఖాలిదా పర్వీన్, అరవై దాటిన పెద్దావిడ. నగరంలో ఏ కష్టం వచ్చినా, ఏ నిరసన జరిగినా ముందుండే మనిషి. ఏ తప్పు చేసిందని ఆవిడను వేలంలో పెట్టారు? మాట్లాడింది. అంతే తప్పు.

ఆ యాప్ తయారుచేసిన కుర్రాళ్ళకు మన మధ్యతరగతికి తెలియని సంగతి తెలుసు. ముస్లిం స్త్రీలలో నాయకత్వం ఉందని, అది ఎక్కడెక్కడ ఉందో, పేర్లతో సహా వాళ్ళకు తెలుసు. అందుకే ఏరి ఏరి పెట్టారు. నోరు లేనిదాని నోరు నొక్కడానికి ఎవరూ అంత కష్టపడరు. మొదటి యాప్ మీద ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేసి ఆరు నెలల పాటు ఒక్కరినీ పట్టుకోలేదు. రెండో యాప్ వచ్చి, ఒక మహిళా జర్నలిస్టు ఫిర్యాదుతో గగ్గోలు లేచి, ముంబై పోలీసులు కదిలాక గానీ మొదటి దాని కర్త దొరకలేదు.

ఇప్పుడు ఇంకో వైపుకు తిరగాలి. పై పేరాలు చదివి తలలూపుతున్న ముస్లిం పెద్దమనుషులకు కూడా ఒక మాట. ‘మన మీద దాడి జరుగుతున్న ఈ రోజుల్లో ఇంటి గుట్టు రచ్చకెక్కించొద్దమ్మా, శత్రువు చేతికి కత్తి ఇవ్వొద్దు’ అని మీరు ఆడవాళ్ళకు చెబుతారు. దాడి నిజమే. కానీ ఈ మాట దాడి లేని రోజుల్లోనూ చెప్పారుగా? 1985లో చెప్పారు, అంతకు ముందూ చెప్పారు. కత్తి ఇచ్చింది ఆడవాళ్ళు కాదు. మూడు తలాకుల పద్ధతిని మీరే సంస్కరించుకుని ఉంటే, నికాహ్‌నామాలో స్త్రీ షరతులు రాసుకునే హక్కును మీరే అమలు చేసి ఉంటే, తన వైపు నుంచి విడాకులు, అంటే ఖులా, అడిగిన భార్యను నెలల తరబడి తిప్పకుండా ఉంటే శత్రువుకు పట్టుకోవడానికి పిడి దొరికేది కాదు. ఖులాకు భర్త అంగీకారం అక్కర్లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అది కోర్టు కొత్తగా ఇచ్చిన హక్కు కాదు, మతం ఇచ్చిందే. మీరు తాళం వేసి దాచినదాన్ని కోర్టు బయటపెట్టింది, అంతే.

ఆ ముందటి ఏడాది జూలై 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు కూడా తెలంగాణదే. భర్త విడాకులిచ్చాడు. భార్య భరణం అడిగితే ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు ఇమ్మంది. హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. ఆ పదివేలు ఎగ్గొట్టడానికి అతను ఢిల్లీ దాకా వెళ్ళాడు. షా బానో తీర్పు తర్వాత తెచ్చిన 1986 చట్టం ఉంది కాబట్టి దేశంలో మిగతా ఆడవాళ్ళకు వర్తించే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ నా మాజీ భార్యకు వర్తించదని వాదించాడు. ఓడిపోయాడు. షా బానో నుంచి నలభై ఏళ్ళు సాగిన చిక్కుముడిని పేరు లేని ఒక తెలంగాణ స్త్రీ పదివేల కోసం నిలబడి విప్పింది. ఆమె పేరు నేను రాయను, రాయాల్సిన అవసరమూ లేదు. ఆ కేసు ఫైలు పట్టుకుని ఫ్యామిలీ కోర్టు వరండాలో వాయిదా వాయిదాకు కూర్చున్న మనిషిని అబల అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

తెలుగు సాహిత్యంలోనూ ఈ గొంతు ఉంది. షాజహానా కవితా సంపుటి ‘నఖాబ్’ వచ్చి ఇరవై ఏళ్ళయింది. న్యాయవాదిగా, కవిగా మహెజబీన్ అంతకు ముందునుంచే రాస్తున్నారు. వాళ్ళు ఇటు పురుషస్వామ్యాన్నీ అటు మెజారిటీ దురహంకారాన్నీ ఒకే ఊపిరితో తిట్టారు. రెంటినీ కలిపి తిట్టడం మనకు ఇబ్బంది. ఒకదాన్ని తిట్టినప్పుడు ఉటంకిస్తాం, రెండోదాన్ని తిట్టినప్పుడు ‘అస్తిత్వవాద కవిత్వం’ అని అల్మరాలో పెడతాం.

మీడియా మిత్రులకు ఒక విన్నపం. పాతబస్తీలో ఒక పిల్లకు అన్యాయం జరిగిన రోజున ముస్లిం స్త్రీని పిలవండి, కాదనను. కానీ బడ్జెట్ వచ్చిన రోజున కూడా పిలవండి. మూసీ పరివాహకంలో ఇళ్ళు కూల్చేటప్పుడు పిలవండి. ఆశా వర్కర్ల జీతాల మీద, ఇంటర్ ఫలితాల మీద, మెట్రో పాతబస్తీకి ఇన్నేళ్ళు ఎందుకు రాలేదన్నదాని మీద పిలవండి. ఆ మౌలానా కుర్చీ ఒక్క వారం ఖాళీ చేయించినా చాలు. బాధితురాలిగా తప్ప ఇంకే హోదాలోనూ ఆమె మీ స్టూడియోకి రానంతకాలం ‘ఆమె మాట్లాడటం లేదు’ అనే హక్కు మీకు లేదు.

పార్టీల సంగతి ఇంకా తేలిక, లెక్క పెట్టొచ్చు. 1952లో శాలిబండ ఒక ముస్లిం స్త్రీని శాసనసభకు పంపింది. 2014, 2018, 2023: తెలంగాణ రాష్ట్రంలో మూడుసార్లు ఎన్నికలు జరిగాయి. మూడు సభల్లోనూ ముస్లిం సభ్యులున్నారు, మహిళా సభ్యులున్నారు. ముస్లిం మహిళ ఒక్కరూ లేరు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జకియా ఖానమ్ 2021లో డిప్యూటీ చైర్‌పర్సన్ అయ్యారు, కానీ అది సాధారణ ఓటర్లందరూ ఎన్నుకునే సభ కాదు. జీహెచ్‌ఎంసీలో మహిళా రిజర్వేషన్ ఉన్న డివిజన్లలో మాత్రం ముస్లిం స్త్రీలు గెలిచి వస్తున్నారు. ‘గెలిచేది ఆమె, నడిపేది ఆమె మొగుడు’ అని వెక్కిరించేవాళ్ళు ఊళ్ళల్లో సర్పంచి భర్తల్ని ఒకసారి తలుచుకోవాలి. అక్కడ దాన్ని మగపెత్తనం అంటాం, ఇక్కడ మతం అంటాం. జబ్బు ఒకటే.

చట్టసభల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకని 2023లో రాజ్యాంగాన్ని సవరించుకున్నాం. అది అమల్లోకి వచ్చేదాకా ఆగమని ఏ చట్టమూ చెప్పలేదు. ముస్లిం స్త్రీల కోసం కన్నీరు పెట్టుకునే పార్టీ, వాళ్ళ పరువు తామే కాస్తున్నామనే పార్టీ, వాళ్ళ ఓటు తమకే పడుతుందని ధీమాగా ఉన్న పార్టీ: మూడూ వచ్చే ఎన్నికల్లో గెలిచే సీట్లలో ఎందరు ముస్లిం స్త్రీలను నిలబెడతాయో ఇప్పుడే చెప్పాలి. ఓడిపోయే సీట్లు లెక్కలోకి రావు. జాబితా బయటపెట్టండి, ఆ తర్వాత ఎవరు ఎవరిని ఉద్ధరిస్తున్నారో మాట్లాడుకుందాం.